పులుసు, పొంగు, వాయువు: బుడగ ప్రయోగం వెనుక తెలుగు శాస్త్రపరిభాషా చరిత్ర (తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నేపథ్యం)

వ్యాససంగ్రహం

వంట సోడా మీద నిమ్మరసం గానీ వెనిగర్ గానీ పోసి, సీసా మూతికి తొడిగిన బుడగను ఉబ్బించడం ఉన్నత పాఠశాలల్లో తరచుగా కనిపించే ప్రయోగం. దీని వెనుక యూరప్‌లో పద్దెనిమిదో శతాబ్దపు వాయురసాయన చరిత్ర ఉంది. తెలుగులో ఇరవయ్యో శతాబ్దపు పరిభాషా నిర్మాణ చరిత్ర కూడా ఉంది. ఈ రెండు చరిత్రలనూ కలిపి చూడడం ఈ వ్యాస ఉద్దేశం. తెలుగు శాస్త్రపరిభాషపై జరిగిన చర్చ ఎక్కువగా పదార్థాల పేర్ల చుట్టూ, అంటే నామవాచకాల చుట్టూ తిరిగింది. ప్రయోగంలో జరిగినదాన్ని చెప్పగలిగేవి మాత్రం క్రియాపదాలు. ఈ వ్యత్యాసం ద్విభాషా పాఠ్యపుస్తకాల కాలంలో విద్యార్థి పరిశీలనాశక్తిపై చూపే ప్రభావాన్ని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పదజాలం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శాస్త్రపరిభాష, బొగ్గుపులుసు గాలి, వంట సోడా, క్రియాపదం, విజ్ఞాన చంద్రికా మండలి, తెలుగు అకాడమీ, ద్విభాషా పాఠ్యపుస్తకం.

1. ఉపోద్ఘాతం

తెలుగు శాస్త్రసాహిత్య చరిత్రను రాసేటప్పుడు సాధారణంగా గ్రంథాలను, గ్రంథకర్తలను, సంస్థలను వరుసగా పేర్కొంటాం. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలితో మొదలుపెట్టి, 1968లో స్థాపించిన తెలుగు అకాడమీ దాకా వస్తాం. ఈ క్రమం అవసరమైనదే. అయితే ఆ గ్రంథాల్లోని భాష చివరకు చేరవలసిన చోటు తరగతిగది. అక్కడ ఆ భాష ఏ పని చేసింది, ఏ పని చేయలేకపోయింది అన్న ప్రశ్న ఈ క్రమంలో తరచుగా పక్కకు పోతుంది.

ఆ ప్రశ్నను పరిశీలించడానికి చిన్న ప్రయోగమే అనువైనది. ప్రయోగశాల లేని బడిలో కూడా చేయగలిగింది, ఇంట్లోని వస్తువులతోనే సాధ్యమయ్యేది, అన్ని తరాల పాఠ్యపుస్తకాలకూ పనికివచ్చే అంశం ఉన్నది కావడంతో బుడగ ప్రయోగాన్ని ఇక్కడ ఎంచుకోవడం జరిగింది. ప్రాంతపరంగా తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల పరిసరాలను తీసుకున్నాం. 2022 ఏప్రిల్ 4 నుంచి తెనాలి గుంటూరు జిల్లాలో, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉన్నాయి. జిల్లాలు వేరైనా కృష్ణా డెల్టా పంటలు, సముద్రతీరపు వస్తువులు, వాటితో పుట్టిన పదజాలం మూడింటికీ ఉమ్మడివే.

2. ప్రయోగ స్వరూపం

చర్చకు ఆధారంగా ప్రయోగాన్ని క్లుప్తంగా చెప్పుకోవాలి. సీసాలో వెనిగర్ పోస్తారు. బుడగలో వంట సోడా వేసి, దాన్ని సీసా మూతికి బిగువుగా తొడుగుతారు. బుడగను పైకెత్తగానే సోడా కిందికి జారి వెనిగర్‌లో పడుతుంది. ద్రవం నురగలు కక్కుతూ పొంగుతుంది, బుడగ ఉబ్బుతుంది.

పరిమాణాలు కూడా తరగతిలో లెక్కకట్టదగినవే. 84 గ్రాముల వంట సోడా పూర్తిగా చర్య జరిపితే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గది ఉష్ణోగ్రత దగ్గర అది సుమారు 24 లీటర్లు. అందులో పదోవంతు, అంటే 8.4 గ్రాములు, దాదాపు రెండు చిన్న చెంచాల సోడా. అయిదు శాతం ఆమ్లం ఉన్న వెనిగర్ 120 మిల్లీలీటర్లు దానికి సరిపోతుంది. వచ్చిన వాయువంతా బుడగలోకే చేరితే దాని వ్యాసం 16, 17 సెంటీమీటర్లు ఉంటుంది. కొంత వాయువు ద్రవంలో కరుగుతుంది, కొంత సీసాలోనే మిగులుతుంది కాబట్టి నిజానికి బుడగ ఇంతకన్నా కాస్త చిన్నగా ఉంటుంది.

ఈ ప్రయోగంలో పిల్లల దృష్టికి వచ్చే విషయాలు మూడు. సీసాను పట్టుకుంటే చల్లగా తగులుతుంది. బుడగలోని వాయువును సున్నపు తేటలోకి పంపితే అది పాలలాగా తెల్లబడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ బుడగ పైకి ఎగరదు. తిరునాళ్లలో దారం కట్టి అమ్మే బుడగను చూసిన పిల్లలకు ఇది ఆశాభంగం. ఆ ఆశాభంగంలోనే పాఠం ఉంది. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములైతే లీటరు కార్బన్ డయాక్సైడ్ 1.8 గ్రాములు, లీటరు హైడ్రోజన్ 0.08 గ్రాములు. గాలులన్నీ ఒకటి కావన్న ఎరుక ఇక్కడ మొదలవుతుంది.

3. ప్రయోగపు పూర్వచరిత్ర

గాలులన్నీ ఒకటి కావన్న ఎరుక యూరప్ శాస్త్రవేత్తలకు కూడా ఆలస్యంగానే వచ్చింది. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మోంట్ ‘గ్యాస్’ అన్న మాటను కల్పించాడు. గ్రీకు ‘కేయాస్’ నుంచి, అంటే ఆకారం లేని అస్తవ్యస్తత అనే అర్థంనుంచి, ఈ మాట పుట్టిందంటారు. తర్వాత స్కాట్లండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ సున్నపురాయి వంటి పదార్థాల నుంచి వచ్చే వాయువును శోధించి 1756లో ఫలితాలు ప్రకటించాడు. పదార్థంలో బిగిసి ఉన్న గాలి అన్న అర్థం వచ్చే పేరు దానికి పెట్టాడు. ఊపిరిలోనూ, పులిసే పదార్థాల్లోనూ వెలువడే వాయువు అదేనని గుర్తించడానికి ఆయనకు సాధనమైంది సున్నపు తేటే. నేటి తరగతిలో సున్నపు తేట పరీక్ష చేసే విద్యార్థి బ్లాక్ చేసిన పనినే మళ్లీ చేస్తున్నాడు.

1766లో హెన్రీ కావెండిష్ లోహాల మీద ఆమ్లం పోస్తే వచ్చే మండే గాలిని వర్ణించాడు. 1783 ఆగస్టు 27న పారిస్‌లో జాక్ షార్ల్ ఇనుము, గంధకామ్లం కలిపి పుట్టించిన ఆ వాయువుతోనే పెద్ద బుడగను నింపి ఎగరేశాడు. అది దిగిన గోనెస్ గ్రామంలో జనం దాన్ని ఏదో వింత జంతువనుకొని పొడిచి చింపేశారు. రసాయనచర్యతో బుడగను నింపడం అనే పని ఇక్కడే ప్రజల ముందుకు వచ్చింది. రబ్బరు బుడగ మాత్రం 1824లో వచ్చింది. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హైడ్రోజన్‌తో ప్రయోగాలు చేసే నిమిత్తం మైకేల్ ఫారడే రెండు రబ్బరు పొరల అంచులు అతికించి దాన్ని తయారుచేసుకున్నాడు. నేడు ఆటవస్తువుగా ఉన్న బుడగ పుట్టింది ప్రయోగశాల పరికరంగానే.

బ్లాక్ శోధించిన వాయువు మరో దారిలో మన వీధుల్లోకి వచ్చింది. సుద్ద మీద ఆమ్లం పోసి పుట్టించిన వాయువును నీటిలో ఇంకించే పద్ధతిని జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1772లో ప్రచురించాడు. ష్వెప్ అనే వ్యాపారి 1783లో జెనీవాలో దాన్ని పరిశ్రమగా మార్చాడు. 1870ల ఆరంభంలో హైరమ్ కాడ్ ఇంగ్లండ్‌లో రూపొందించిన సీసానే మన గోలీ సోడా. లోపలి వాయుపీడనమే గోలీని పైనున్న రబ్బరు వలయానికి అదిమి పెడుతుంది. గోలీని నొక్కినప్పుడు వచ్చే చప్పుడు విన్న పిల్లవాడు వాయుపీడనాన్ని పాఠంకన్నా ముందే అనుభవించాడు. ఆ అనుభవానికీ పాఠానికీ మధ్య వంతెన వేయవలసింది భాష.

4. తెలుగులో వాయువుల పేర్లు

4.1. గాలి, వాయువు, గ్యాస్

తెలుగులో ‘గాలి’ అన్న మాటకు వీచేది, పీల్చేది, ఆవహించేది అనే మూడు అర్థాలు వాడుకలో ఉన్నాయి. ‘గాలి సోకింది’ అన్నప్పుడు మూడో అర్థం. పదార్థపు ఒక స్థితి అన్న నాలుగో అర్థాన్ని పాఠ్యపుస్తకాలు ‘వాయువు’కు అప్పగించాయి. ఈ విభజనవల్ల మనం పీల్చేది గాలిగానూ, సీసాలో పుట్టేది వాయువుగానూ వేరుపడ్డాయి. శాస్త్రానికి ఈ తేడా ఉపయోగకరమే. ఇక ‘గ్యాస్’ అన్న మాట వాడుకలో శాస్త్రార్థంతో స్థిరపడలేదు. ఇంట్లో ‘గ్యాస్ అయిపోయింది’ అంటే వంటగ్యాస్ సిలిండర్. ‘గ్యాస్ పట్టింది’ అంటే అజీర్తి. అజీర్తికి నీళ్లలో కలుపుకొని తాగే పొడిలో జరిగేది బుడగ ప్రయోగంలోని చర్యే అయినా, ఈ రెండు ‘గ్యాస్’ల సంబంధం తరగతిలో అరుదుగా ప్రస్తావనకు వస్తుంది.

4.2. బొగ్గుపులుసు గాలి

కొమర్రాజు లక్ష్మణరావు నాయకత్వంలో విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రాలను కూడా తెలుగులోకి తేవాలని పూనుకుంది. ఆ గ్రంథమాలలో వేమూరి విశ్వనాథశర్మ రచించిన రసాయన శాస్త్రం ఒకటి. అప్పటి రచయితల ముందున్న సమస్య స్పష్టమైనది: పదార్థాలకు తెలుగు పేర్లు లేవు, సంస్కృతంలో ఉన్నవి వేరే శాస్త్రసంప్రదాయానికి చెందినవి, ఆంగ్లపదాలు పాఠకులకు తెలియవు. ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో పాఠ్యగ్రంథాలు చేసిన పరిష్కారాల్లో ‘బొగ్గుపులుసు గాలి’, ‘బొగ్గుపులుసు వాయువు’ ఎక్కువ కాలం నిలిచాయి. పాతతరం ఉపాధ్యాయుల నోట ఈ మాటలు ఇటీవలి వరకు వినిపించాయి.

ఇది కార్బానిక్ ఆమ్లవాయువు అన్న పాత ఆంగ్ల వ్యవహారానికి అనువాదం. ఇందులో మూడు మాటలూ ఇంట్లోవే. బొగ్గు కాలితే వచ్చేది, నీటిలో కరిగితే పులుపెక్కేది, గాలి రూపంలో ఉండేది అని పేరే చెబుతుంది. ఆమ్లానికి ‘పులుసు’ అన్న మాట వాడటంలో రుచి ద్వారా ఆమ్లాన్ని గుర్తించిన పాత శాస్త్రదృష్టి కూడా నిలిచింది.

ఈ పేరుకు పరిమితులూ ఉన్నాయి. వాయువు, అది నీటిలో కరిగినప్పుడు ఏర్పడే ఆమ్లం రెండు వేర్వేరు పదార్థాలు. పేరు వాటిని ఒకటిగా చూపుతుంది. బొగ్గు కాలినప్పుడే వచ్చే మరో విషవాయువు కార్బన్ మోనాక్సైడ్. దాన్నుంచి దీన్ని వేరుచేసే ఆధారం పేరులో లేదు. పరమాణువుల సంఖ్య చెప్పే శక్తి ‘డయాక్సైడ్’కు ఉంది, ‘పులుసు’కు లేదు. కాబట్టి పాతపేరు పోవడాన్ని కేవలం భాషానష్టంగా చూడడం సరికాదు.

4.3. ‘జని’ పదాలు

రెండో పరిష్కారం సంస్కృత సమాసాలది. ఆమ్లజని, ఉదజని, నత్రజని అనే మాటలు ఈ కోవకు చెందుతాయి. వీటి మూలం సంస్కృతం కాదు, ఫ్రెంచి. 1787లో లవోసియే, ఆయన సహచరులు ప్రకటించిన నామకరణ పద్ధతిలో ఆమ్లాన్ని పుట్టించేది, నీటిని పుట్టించేది అన్న అర్థాలతో ఆక్సిజన్, హైడ్రోజన్ పేర్లు చోటుచేసుకున్నాయి. 1790లో షాప్తాల్ నైట్రోజన్‌కు ఆ పేరు పెట్టాడు. తెలుగు ‘జని’ పదాలు వీటికి అవయవానువాదాలు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆమ్లాలన్నిటిలోనూ ఆక్సిజన్ ఉంటుందని లవోసియే భావించాడు. 1810లో హంఫ్రీ డేవీ ఉప్పునుంచి తీసే ఆమ్లంలో ఆక్సిజన్ లేదని చూపించాడు. అంటే ‘ఆమ్లజని’ అన్న మాట తెలుగులోకి వచ్చేనాటికే దాని వెనుకనున్న సిద్ధాంతం వీగిపోయింది. ఆంగ్లంలో ఆక్సిజన్ అర్థం మూసుకుపోయిన పేరు కాబట్టి ఇబ్బంది లేదు. తెలుగులో అనువాదంవల్ల పాత పొరపాటు మళ్లీ కళ్లముందుకు వచ్చింది. అర్థం తెరిచి చూపే పేరు ఎప్పుడూ మేలు చేస్తుందన్న నమ్మకాన్ని ఈ ఉదాహరణ ప్రశ్నిస్తుంది. ‘ప్రాణవాయువు’ అన్న మాట మాత్రం సిద్ధాంతాన్ని కాక ఉపయోగాన్ని చెప్పింది కాబట్టి వార్తల్లోనూ, వైద్యవ్యవహారంలోనూ నేటికీ బతికే ఉంది.

4.4. అకాడమీ కాలం, తర్వాత

కేంద్రప్రభుత్వం 1961లో శాస్త్రసాంకేతిక పరిభాషా సంఘాన్ని ఏర్పాటు చేసింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలకు తెలుగు పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదకోశాలనూ తయారుచేసింది. అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న మూలకాల, సమ్మేళనాల పేర్లను లిప్యంతరీకరించి, ప్రక్రియలకు తత్సమాలు వాడే పద్ధతి క్రమంగా స్థిరపడింది. ఆక్సీకరణం, తటస్థీకరణం, అవక్షేపం వంటి మాటలు అలా పాఠాల్లో నిలిచాయి. బొగ్గుపులుసు వాయువు కార్బన్ డయాక్సైడ్ అయింది.

2020–21 విద్యాసంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఒక పుట తెలుగు, ఎదురు పుట ఆంగ్లం ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. రెండు పుటలనూ పోల్చి చదివితే పదార్థాల పేర్లు రెండింటిలోనూ ఒకే ధ్వనితో ఉంటాయి. తెలుగు పుటకు మిగిలే ప్రత్యేకత వాక్యనిర్మాణం, క్రియాపదం. ఈ వ్యాసంలోని ప్రధాన సమస్య అక్కడే ఉంది. దాన్ని చర్చించేముందు ఈ ప్రాంతపు పదజాలాన్ని చూడాలి.

5. ప్రాంతీయ వస్తువులు, పదజాలం

ప్రయోగానికి కావలసిన ఆమ్లం, క్షారం, సూచిక, సున్నం నాలుగూ ఈ మూడు పట్టణాల పరిసరాల్లో దొరుకుతాయి. తెనాలి నిమ్మకాయల మార్కెట్ రాష్ట్రంలో పేరున్నది. నిమ్మరసంలో అయిదారు శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. కాబట్టి వెనిగర్‌కు బదులు దాదాపు అంతే పరిమాణంలో నిమ్మరసం వాడవచ్చు. తెనాలి పక్కనున్న దుగ్గిరాల పసుపు మార్కెట్ కూడా ప్రసిద్ధమే. పసుపు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి అంటే అదే. సున్నపు తేటలో ఎర్రబడిన పసుపు కాగితం నిమ్మరసం చుక్కతో తిరిగి పచ్చబడుతుంది. సూచిక అన్న పారిభాషిక పదానికి పెళ్లింటి పారాణికన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

తీరం వైపు వెళ్తే బాపట్ల దగ్గర సూర్యలంక, రేపల్లె దిగువన నిజాంపట్నం. అక్కడ ఒడ్డున దొరికే గుల్లలు ప్రధానంగా కాల్షియం కార్బనేట్. వాటిని కాల్చి తీసిందే గుల్లసున్నం. పొడిచేసిన గుల్లల మీద వెనిగర్ పోసినా బుడగ ఉబ్బుతుంది. సోడాతో పోలిస్తే చాలా నెమ్మదిగా ఉబ్బుతుంది. సున్నపురాయి మీద బ్లాక్ చేసిన పరిశోధనకు ఇది సన్నిహిత రూపం. కోడిగుడ్డు పెంకుతో కూడా ఇదే జరుగుతుంది.

క్షారానికి సంబంధించిన పదజాలం మరింత ఆసక్తికరమైనది. ‘సోడా’ అన్న ఒకే మాట వంట సోడాకు, చాకలి సోడాకు, గోలీ సోడాకు, కాస్టిక్ సోడాకు వాడుకలో ఉంది. మొదటిది తినేది, రెండోది ఉతికేది, మూడోది తాగేది, నాలుగోది చర్మాన్ని కాల్చేది. ఈ తేడా చెప్పేది విశేషణమే కాబట్టి ప్రయోగం చేయించే ఉపాధ్యాయుడు విశేషణాన్ని వదలకూడదు. ‘క్షారం’ సంగతి మరొకటి. దాని తద్భవమైన ‘కారం’ నేటి తెలుగులో మిరప రుచికి పరిమితమైంది. సురేకారం వంటి అంగడి సరుకు పేరులో మాత్రం పాత అర్థపు జాడ మిగిలింది. క్షారం రుచి ఏమిటని అడిగితే విద్యార్థి మనసులో మిరపకాయ మెదలడానికి కారణం ఇదే. ఉపాధ్యాయుడికి ఈ అర్థపరిణామం తెలిస్తే పొరపాటును తిట్టి వదిలేయకుండా విడదీసి చూపగలడు.

నేలకు సంబంధించిన ‘చవుడు’ కూడా ఈ కోవలోనిదే. 1945లో వ్యవసాయ కళాశాల ఏర్పడిన బాపట్ల, చవుడు నేలలు, ఉప్పునీటి సాగుపై పరిశోధన జరిగే కేంద్రం. రైతు నోట ఉన్న చవుడు, శాస్త్రవేత్త రాసే క్షారత్వం ఒకే ఊరిలో పక్కపక్కనే వినిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. వృత్తుల్లోని మాటలకు శాస్త్రీయమైన విలువ ఉందని నిరూపించిన ఆ కృషి వంటింటి మాటలకూ అంగడి రసాయనాల పేర్లకూ విస్తరించదగినది.

6. తరగతికి వెలుపల ప్రయోగం

ఈ ప్రాంతంలో శాస్త్రదృష్టిని తరగతికి వెలుపల పెంచిన సంప్రదాయం బలమైనది. తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి హేతువాదం, తర్వాతి రాడికల్ హ్యూమనిస్టుల కార్యక్రమాలు అందులో భాగం. 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు భౌతికశాస్త్ర విద్యార్థి. సైన్సు వ్యాసాలు రాశారు, చందమామను దీర్ఘకాలం నడిపారు. ఆయన కుమారుడు, అణుశాస్త్రవేత్త రోహిణీప్రసాద్ తెలుగులో జనరంజక విజ్ఞానరచనను కొనసాగించారు. వీరి వచనంలో పరిభాష కన్నా వివరణకు ప్రాధాన్యం ఎక్కువ.

1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక, చెకుముకి పత్రిక ద్వారానూ ఊరూరా ప్రదర్శనల ద్వారానూ రసాయనచర్యలను జనం మధ్యకు తెచ్చింది. పసుపు, సున్నం కలిసి ‘రక్తం’గా మారడం వంటి వాటిని చూపి మహిమల గుట్టు విప్పడం ఈ ప్రదర్శనల పద్ధతి. మాంత్రికుడు వస్తువు పేరు దాస్తాడు, ప్రదర్శకుడు పేరు బయటపెడతాడు. తరగతిగదిలో జరగవలసింది మూడోది: విద్యార్థి తానే వస్తువులు కలిపి, చూసినదాన్ని తన మాటల్లో చెప్పడం. మొదటి రెండింటిలో జనం ప్రేక్షకులు. మూడోదానిలో విద్యార్థి సాక్షి. సాక్షికి భాష కావాలి.

7. నామవాచకం నుంచి క్రియాపదానికి

ఈ రెండు వాక్యాలను పోల్చి చూద్దాం.

(అ) సోడియం బైకార్బనేట్ ఎసిటిక్ ఆమ్లంతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ వాయువును విడుదల చేస్తుంది.

(ఆ) వంట సోడా మీద వెనిగర్ పోస్తే బుసబుస పొంగింది, నురగ లేచింది, సీసా చల్లబడింది, బుడగ ఉబ్బింది గాని ఎగరలేదు.

మొదటిది నిర్ధారణ, రెండోది పరిశీలన. మొదటి వాక్యంలోని ఏ పదార్థాన్నీ విద్యార్థి ఆ పేరుతో చూడలేదు. అది నిజమని తెలియాలంటే సున్నపు తేట పరీక్ష కావాలి, తర్కం కావాలి. రెండో వాక్యంలోని ప్రతి క్రియకూ విద్యార్థి కన్ను, చెయ్యి, చెవి సాక్ష్యం. శాస్త్రపద్ధతి రెండోదాని నుంచి మొదటిదానికి నడవడం. పరీక్షలో మార్కులు మొదటి వాక్యానికి మాత్రమే వస్తే విద్యార్థి ఆ నడక మానేసి గమ్యాన్ని బట్టీపడతాడు.

మొదటి వాక్యంలోని క్రియలు కూడా ఆలోచించదగినవే. ‘చర్య’ విద్యార్థికి ముందే తెలిసిన మాట, కానీ వేరే అర్థంలో. ‘చర్యలు తీసుకుంటాం’ అన్నది అధికారుల భాష. ‘విడుదల’ ఖైదీకీ సినిమాకూ నిధులకూ వాడేది. విడుదల అంటే లోపల ముందే ఉన్నది బయటికి రావడం. వాయువు సోడాలో దాగి ఉండి బయటపడిందా, చర్యలో కొత్తగా ఏర్పడిందా అన్న కీలకమైన ప్రశ్నకు ఈ క్రియ తెలియకుండానే తప్పు సమాధానం ఇస్తుంది. పదార్థంలో బిగిసి ఉన్న గాలి అన్న బ్లాక్ ఊహ కూడా ఇలాంటిదే. ‘పుట్టింది’, ‘ఏర్పడింది’ అన్నవి ఈ సందర్భంలో ఎక్కువ సరైనవి.

వాడుక క్రియలకున్న సూక్ష్మతను నిమ్మరసమే చూపిస్తుంది. పాలలో పిండితే పాలు విరుగుతాయి. సోడాలో పిండితే పొంగుతుంది. పప్పులో పిండితే పులుపెక్కుతుంది. ఒకే ఆమ్లం చేసే మూడు వేర్వేరు పనులకు తెలుగులో మూడు క్రియలున్నాయి. ఒకదానిలో గడ్డకట్టడం, ఒకదానిలో వాయువు పుట్టడం, మరొకదానిలో కేవలం కలవడం. పాఠ్యభాష వీటికి వేర్వేరు పరిభాష ఇవ్వకముందే విద్యార్థికి వీటి తేడా తెలుసు.

‘పులియు’ మరింత లోతైన ఉదాహరణ. పులుపు, పులుసు, పులియు ఒకే ధాతువు నుంచి వచ్చిన మాటలు. తమిళంలో పుళి, కన్నడంలో హుళి వాటికి సోదరపదాలు. ఇడ్లీ పిండి పులిసి పొంగుతుంది, తాటికల్లు పులిసి నురగలెత్తుతుంది. పిండిలో సూక్ష్మజీవులు ఆమ్లాన్నీ కార్బన్ డయాక్సైడ్‌నూ రెంటినీ తయారుచేస్తాయి. కల్లులో ప్రధానంగా ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. బెల్లం నీళ్లలో ఈస్ట్ కలిపి సీసాకు బుడగ తొడిగితే కొన్ని గంటల్లో అదీ నిలబడుతుంది. పులుపుకూ పొంగుకూ సంబంధం ఉందని భాష ఏనాడో గుర్తించింది.

అయితే వాడుక భాషనే శాస్త్రభాష అనుకోవడం పొరపాటు. పాలు పొంగడం, పిండి పొంగడం, సోడా పొంగడం, ఏరు పొంగడం నాలుగింటికీ క్రియ ఒకటే, కారణాలు వేరు. పాలు మీగడ కింద చిక్కిన ఆవిరివల్ల పొంగుతాయి, పిండి సూక్ష్మజీవుల వాయువువల్ల, సోడా రసాయనచర్యవల్ల, ఏరు నీటి రాకవల్ల. పిండిలో పులుపువల్లే పొంగు వచ్చిందనుకున్నా తప్పే. అవి రెండూ ఒకే జీవక్రియ ఫలితాలు. వాడుక క్రియ ప్రశ్నను లేవదీస్తుంది, సమాధానాన్ని శాస్త్రం ఇవ్వాలి. ఈ నాలుగు ‘పొంగు’లను విడదీయమని అడగడమే మంచి రసాయన పాఠం, మంచి అర్థవిజ్ఞాన పాఠం కూడా.

గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారిక భాషకోసం చేసిన వాదన మూలంలో విద్యకు సంబంధించినదే. విద్యార్థి తనకు తెలిసిన భాషలో ఆలోచించి రాయగలగాలన్నది దాని సారం. సాహిత్యరచనలో ఆ వాదన గెలిచింది. సైన్సు నోటుపుస్తకంలో ఇంకా గెలవలేదు. పేర్లు ఆంగ్లంలోనివా, సంస్కృతంలోనివా అన్న చర్చలో మునిగి, వాక్యాన్ని నడిపే క్రియను మనం పట్టించుకోలేదు.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన విషయాలు ఇవి.

1. బుడగ ప్రయోగంలోని వాయువుకు తెలుగులో వచ్చిన పేర్ల మార్పు కేవలం స్వచ్ఛత, ఆదానాల మధ్య పోరు కాదు. ప్రతి పేరూ కొంత చూపించి కొంత దాచింది. ‘బొగ్గుపులుసు గాలి’ ఇంటిని చూపింది, సంఖ్యను దాచింది. ‘ఆమ్లజని’ వీగిపోయిన సిద్ధాంతాన్ని మోసింది. ‘కార్బన్ డయాక్సైడ్’ సంఖ్యను చెప్పింది, ఇంటికి దూరమైంది.

2. పదార్థాల పేర్లు అంతర్జాతీయంగా ఉండడంవల్ల తెలుగు మాధ్యమానికి పెద్ద నష్టం లేదు. పరిశీలనను చెప్పే క్రియాపదాలు పాఠ్యభాష నుంచి తప్పుకోవడంవల్ల నష్టం ఉంది. చూసింది చెప్పలేని విద్యార్థి, చూడనిది అప్పగించడానికి అలవాటుపడతాడు.

3. తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసరాల్లోని నిమ్మ, పసుపు, గుల్ల, సున్నం, సోడా, చవుడు పదజాలం రసాయన పాఠానికి సిద్ధంగా ఉన్న ముడిసరుకు.

ఈ దిశలో చేయదగిన పనులు రెండు. మొదటిది, ప్రయోగ నివేదికలో ‘ఏం చూశావు’ అన్న భాగాన్ని విద్యార్థి సొంత తెలుగులోనూ, ‘ఎందుకు జరిగింది’ అన్న భాగాన్ని పారిభాషిక పదాలతోనూ రాయించి, రెండింటికీ మార్కులివ్వడం. ఆంగ్ల మాధ్యమ విద్యార్థికి కూడా ఇది అడ్డు కాదు, ఆధారం. రెండోది, కళాశాలల్లోని తెలుగు, రసాయనశాస్త్ర శాఖలు కలిసి వంటింటి, అంగడి, వృత్తుల రసాయన క్రియాపదాలను ప్రాంతాలవారీగా సేకరించడం. వృత్తిపదకోశాల పద్ధతి ఇందుకు దారి చూపుతుంది. సేకరణలో ప్రతి క్రియకూ అది చెప్పే భౌతిక లేదా రసాయన మార్పును పక్కనే నమోదు చేస్తే, అది భాషాశాస్త్రానికీ బోధనకూ ఒకేసారి ఉపయోగపడుతుంది.

ఒక జాగ్రత్త చెప్పడం అవసరం. సోడా, వెనిగర్, నిమ్మరసం ప్రమాదకరం కాకపోయినా వాటిని మూత బిగించిన సీసాలో కలపకూడదు, పీడనంతో సీసా పగలవచ్చు. ఎగిరే బుడగకోసం హైడ్రోజన్ తయారుచేయడం పాఠశాలలో చేయదగిన పని కాదు. బుడగ ఎందుకు ఎగరలేదో లెక్కతో చెప్పించడమే అంతకన్నా విలువైన ప్రయోగం. ఆ లెక్కకు అంకెలు ఏ భాషలోనివైనా ఫరవాలేదు. ‘ఎందుకు ఎగరలేదు’ అన్న ప్రశ్న మాత్రం విద్యార్థి తన భాషలో అడగగలగాలి.